పట్టువిడుపుల లెక్క

కంట్రోల్ హాల్లోకి సంపూర్ణ అడుగుపెట్టేసరికి ఓదెలు కుడిచేతి బెల్టు ఊడిపోయింది. బెల్టు తెగలేదు. దాన్ని కుర్చీకి బిగించిన ఇనుప కొక్కెం ఊడి ఎగిరి వార్డుబాయ్ కనుబొమ్మకి తగిలింది. అతను మొహం పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం చొక్కా మీదికి దిగింది.

మరో ముగ్గురు ఓదెలు మీద పడ్డారు. ఒకడు చేతి మీద కూర్చున్నాడు. అయినా ఆ చేయి లేచింది, మీద కూర్చున్నవాడితో సహా. మోచేయి బిగుసుకుంది. అరచేయి పైకప్పు వైపు తిరిగింది. భుజం దగ్గర ఏదో చిట్లిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"పట్టిన," అని అరిచాడు ఓదెలు. "పట్టిన. పట్టిన."

పొద్దున షిఫ్టు మారే వేళ నుంచి అతను అంటున్న మాట అదొక్కటే.

పక్క కుర్చీలో రాజలింగు ఉన్నాడు. మీద దుప్పటి కప్పారు. కానీ ఒక కాలు మోకాలి దగ్గర ముందుకి విరిగి ఉండడంతో దుప్పటి సరిగా కప్పడం కుదరలేదు. సంపూర్ణ ఒకసారి చూసి, మళ్లీ అటు చూడలేదు. ఓదెలు ఆమె తమ్ముడు. రాజలింగు ఓదెలు తర్వాతి షిఫ్టువాడు. ఇద్దరూ నడిపేది ఒకే ఎలుగుని.

ఎలుగు అంటే యంత్రం. కంపెనీ దానికి పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది, నల్లగుట్ట గనిలో ఆ పేరు ఎవరూ అనరు. రెండు కాళ్లు, రెండు చేతులు, బొగ్గు రంగు. అది బాయిలో, అంటే భూమి కింద గనిలో, పని చేస్తుంది. నడిపే మనిషి పైన కుర్చీలో కూర్చుంటాడు. అతని మెడ వెనక, తోలు కింద ఒక బిళ్ల ఉంటుంది. లింకు కలిపాక యంత్రం చేతికి తగిలిన బండ మనిషి చేతికి తగులుతుంది, యంత్రం చెవిన పడింది మనిషి చెవిన పడుతుంది, మనిషి అన్న మాట యంత్రం నోట కింద వినిపిస్తుంది. పైన పక్కనే నిలబడి పిలిచినా వినపడదు. ఎలుగులు వచ్చాక నల్లగుట్టలో మనిషి బాయిలోకి దిగడం ఆగిపోయింది. కనీసం కంపెనీ అలా చెప్పింది.

ఆ బిళ్లలో నడిచే మూల ప్రోగ్రామైన కర్నెల్‌ని రాసింది హైదరాబాదులోని ఒక లాబొరేటరీ. అందులో నెట్‌వర్క్ భాగం సంపూర్ణ జట్టుది. ఫోను రాగానే ఆమె కారెక్కింది. దారిలో ఉండగానే రాజలింగు పోయాడని రెండో ఫోను వచ్చింది.

"వచ్చినవా వదినె," అంది సమ్మక్క. ఓదెలు భార్య. కుర్చీ కాళ్ల దగ్గర కింద కూర్చుని ఉంది, పక్కన విప్పని టిఫిన్ క్యారియర్. "మా అక్క రాసిన తీగ, నాకేమైతదే అని ఎగిరిండు. ఇగో, సూడు నీ తీగ."

సంపూర్ణ లాప్‌టాప్ తెరిచి, ఓదెలు మెడ వెనక బిళ్లకి తీగ కలిపింది. అతని తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే డాక్టర్ నస్రీన్ రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

తెర మీద ఒక అంకె వచ్చింది. మూడు.

"ఎంత ఉండాలి?" అంది డాక్టర్.

"ఒకటి. కుర్చీది. అది వదలగానే సున్నా అయి లింకు దానంతట అదే పోవాలి."

"ఇంకో రెండు ఎవరివి మరి?"

"అదే చూడాలి."

లింకుని వాడుకునే ప్రతి పనీ ముందు దాన్ని పట్టుకున్నానని చెప్పాలి, లెక్క ఒకటి పెరుగుతుంది. పని అయ్యాక వదిలానని చెప్పాలి, లెక్క ఒకటి తగ్గుతుంది. సున్నా అయిందంటే ఎవరికీ అక్కర్లేదని అర్థం. అప్పుడు కర్నెల్ లింకుని తెంచి, మెమరీలో ఆ చోటుని ఇంకో పనికి ఇస్తుంది. పట్టుకున్నది ఏదైనా వదలడం మరిచిపోయిందా, ఆ లింకుకి చావు ఉండదు. పొద్దున గని లోపల రెండు దారులు కలిసే జంక్షన్ దగ్గర బండ పడి ఎలుగు దాని కింద ఇరుక్కుంది. లింకు తెగలేదు. ఆ బండ బరువు పొద్దుటి నుంచి ఓదెలు వెన్ను మీద ఉంది.

"మత్తు ఇచ్చాను. రెట్టింపు ఇచ్చాను," అంది డాక్టర్. "నొప్పి ఈ ఒంట్లో పుడితే కదా మత్తు పనిచేయడానికి. పక్కటెముకలు రెండు పోయినై. తన కండలే విరగ్గొడుతున్నై. గుండె చూస్తే... సాయంత్రం దాకా ఉంటుందని నేను చెప్పలేను."

"బిళ్ల తీసేస్తే?"

"మొదట్లో ట్రయల్స్‌లో లింకు నడుస్తుండగా ఒకతనికి తీశారు. మూర్ఛలు వచ్చి నాలుక కొరుక్కుని పోయాడు. మీకు తెలుసు."

తెలుసు. ఆ నివేదిక సంపూర్ణ చదివింది.

గని మేనేజరు చంద్రమౌళి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. బయట గేటు దగ్గర అరుపులు పెరుగుతుంటే మాటిమాటికీ అటు చూస్తున్నాడు.

"మేడమ్, లెక్క సున్నా చేసేయండి. ఆ సౌకర్యం ఉందని కౌశిక్ చెప్పాడు."

కౌశిక్ గనిలో సిస్టమ్స్ చూసే ఉద్యోగి. మూలన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని చొక్కా ముందు భాగమంతా రాజలింగు రక్తం.

"రాజలింగుకి చేసింది అదే కదా," అంది సంపూర్ణ.

కౌశిక్ తలెత్తలేదు. "సార్ చెయ్యమన్నారు. ఒకటి దగ్గర ఆగిపోయింది, ఎవరు పట్టుకున్నారో చూడకుండా సున్నా కొట్టాను. కర్నెల్ ఆ చోటు ఖాళీ అనుకుంది."

"దేనికిచ్చింది?"

"గాలి పంకాకి."

మిగతాది అతను చెప్పనక్కర్లేదు. రాజలింగు బిళ్ల ఇంకా ఆ చోటునే చదువుతోంది. లింకు ఉన్న చోట ఇప్పుడు గనిలోకి గాలి కొట్టే పంకా మోటారు అంకెలున్నాయి. అవి అతని వెన్నుపూసలోకి వెళ్లాయి. పంకా తిరిగినట్టు అతని కాళ్లూ చేతులూ తిరగాలని చూశాయి. కీళ్లు ఎంతవరకు తిరుగుతాయో పంకాకి తెలియదు.

"సున్నా కొట్టడం ఉండదు," అంది సంపూర్ణ. "ఎవరు వదలలేదో వాళ్లనే వెతికి వదిలిస్తా."

ఆమె చదవడం మొదలుపెట్టింది. 

పట్టుకోవడానికి ఒక ఆజ్ఞ, వదలడానికి ఒక ఆజ్ఞ. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఆ రెండూ తెలుగు మాటలే. పట్టిన, ఇడిసిన. జట్టులో వాళ్లు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ మాటలు ఆమె తండ్రి కొమురయ్యవి. ఆయన బాయిలో పైబండ కూలకుండా ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. పైన బండకి దిమ్మె ఆనించేటప్పుడు పట్టుకున్నవాడు పట్టిన అనాలి. రెండోవాడు మేకు బిగించి బయటికి వచ్చి ఇడువు అనాలి. ఆ మాట వినపడేదాకా, చేతులు ఊడిపోయినా సరే, పట్టుకున్నవాడు వదలకూడదు. వదిలేటప్పుడు ఇడిసిన అని చెప్పాలి. ఇంట్లో బీరువా జరపాలన్నా, మంచం ఎత్తాలన్నా పిల్లలిద్దరితో అదే అనిపించేవాడు. ఒకసారి ఓదెలు చెప్పకుండా వదిలేస్తే బీరువా అంచు సంపూర్ణ కాలి మీద పడింది. కొమురయ్య కొడుకుని చెంప మీద కొట్టాడు. "చెప్పకుంట ఇడిస్తె అవుతలోడు సస్తడు," అన్నాడు. ఓదెలుకి అప్పుడు ఎనిమిదేళ్లు. మళ్లీ ఎప్పుడూ చెప్పకుండా వదల్లేదు.

గేటు పడిపోయిన చప్పుడు వినిపించింది. తర్వాత అద్దాలు.

రాజలింగు తమ్ముడు సారంగం ముందు వచ్చాడు. చేతిలో బండలు పెకలించే గడ్డపలుగు. వెనక పదిహేనిరవై మంది కార్మికులు. చంద్రమౌళి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కౌశిక్ లేవబోయాడు. సారంగం అతని జుట్టు పట్టి స్టూలు మీంచి లాగాడు.

"ఏ చేత్తోని కొట్టినవ్‌రా సున్న?"

కౌశిక్ ఏదో చెప్పబోయాడు. సారంగం అతని కుడిచేతిని బల్ల మీద పరిచి, గడ్డపలుగు మొద్దు వైపుతో కొట్టాడు. ఒకసారి. మళ్లీ ఒకసారి. వేళ్లు బల్ల మీద అణిగిపోయాయి. కౌశిక్ అరుపూ ఓదెలు అరుపూ కలిసి వినిపించాయి. ఒక రాయి సంపూర్ణ చెవి పక్కగా పోయి గోడకి తగిలింది. గాజు పెంకు ఒకటి ఆమె నుదుట గుచ్చుకుంది. ఆమె దాన్ని పీకి పక్కన పెట్టింది. కళ్లు తెర మీంచి తీయలేదు.

సారంగం పలుగుతో ఆమె వైపు తిరిగాడు. సమ్మక్క లేచి మధ్యలో నిలబడింది.

"కొట్టు. ముందుగాల నన్ను కొట్టు. తర్వాత నీ దోస్తుగాన్ని కొట్టు, వాడు సగం సచ్చే ఉన్నడు. పని సులువైతది."

సారంగం ఓదెలుని అప్పుడే చూశాడు. గాల్లోకి లేచిన చేతులు, వాటికి వేలాడుతున్న మనుషులు, ముక్కులోంచి కారుతున్న రక్తం. పలుగు దించాడు. దుప్పటి కప్పిన కుర్చీ దగ్గరికి వెళ్లి కింద కూర్చుని ఆ విరిగిన కాలిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"దొరికింది," అంది సంపూర్ణ.

షిఫ్టు మారేటప్పుడు పాత మనిషి లింకుని కొత్త మనిషి వచ్చేదాకా చేతిమార్పు పని ఒకటి పట్టుకుని ఉంటుంది. కొత్తవాడు పట్టిన అన్నాక అది వదులుతుంది. మధ్యలో ప్రమాదం జరిగితే వెంటనే వెనక్కి తిరగాలి. ఆ వెనక్కి తిరిగే దారిలో, వదిలే ఆజ్ఞకి ఒక వరుస పైనే తిరిగిపోయే ఆజ్ఞ ఉంది, అంటే వదిలే ఆజ్ఞ దాకా పని రానే రాదు. వేగం కోసం పోయిన ఏడాది చేసిన మార్పు. సరే అన్నవాళ్ల పేర్లలో ఆమె పేరూ ఉంది. పొద్దున రాజలింగు కలిసిన క్షణంలోనే బండ పడింది. పని వెనక్కి తిరిగింది, వదలకుండానే.

ఆమె ఆ రెండు వరుసల చోట్లు మార్చింది. ఇక మీదట ఇలా పట్టు మిగిలిపోవడం, లీకు, ఉండదు. కానీ పొద్దున పట్టిన పట్టు అలాగే ఉంది. పట్టిన పని ఇంకా ఎక్కడైనా బతికుందేమో రెండుసార్లు వెతికింది. లేదు. అప్పుడు నడుస్తున్న కర్నెల్‌లోనే దాని పేరు మీద ఒక్క విడుపు ఇచ్చింది. 

మూడు రెండయింది.

"ఇంకొకటే," అంది డాక్టర్.

"ఆ ఒకటి ఎవరిదో తెలియట్లేదు. మా కోడు కాదు."

చంద్రమౌళి తలుపు కాస్త తెరిచి చూసి, గొడవ సద్దుమణిగిందనుకుని బయటికి వచ్చాడు. "రెండు లీకులుంటాయి మేడమ్, ఒకటి దొరికింది కదా. రెండోది కూడా అలాగే వదిలించేయండి. కుర్రాడు చచ్చిపోతున్నాడు."

సంపూర్ణ వేలు విడుపు ఇచ్చే మీట మీదే ఉంది. మరో విడుపు ఇస్తే ఒకటి, కుర్చీ వదిలితే సున్నా. తమ్ముడి చేతులు కిందికి దిగుతాయి. ఆమె మీట నొక్కకుండా, పట్టుకున్నదాని పేరు చెప్పమని అడిగింది. కర్నెల్ వెతికి చెప్పింది. అరచేయి.

అది భద్రత కోసం వేరే జట్టు రాసిన భాగం. ఎలుగు చేతి కింద మనిషి ఒళ్లు తగిలితే లింకుని పట్టుకోవాలి, మనిషి తప్పుకునేదాకా వదలకూడదు. లింకు పోతే ఎలుగు చేతులు సడలిపోతాయి కనక. బాయిలో మనుషులే లేరు కాబట్టి ఈ భాగం ఎప్పుడూ నడవలేదు.

ఎడమ అరచేతి మీది ఒత్తిడిని ఆమె తెర మీద గీతగా పెట్టింది. గీత కొద్దిగా లేచింది. కొద్దిగా దిగింది. మళ్లీ లేచింది.

డాక్టర్ వంగి చూసింది. "ఇది ఊపిరి," అంది.

"పట్టిన," అన్నాడు ఓదెలు. గొంతు బొంగురుపోయింది. 

సంపూర్ణ అతని చేతుల వైపు చూసింది. కుడి అరచేయి పైకి తిరిగి ఉంది. ఎడమచేయి మోచేతి దగ్గర వంగి, గొడుగు పట్టినట్టు ఒంటి ముందు ఉంది. పొద్దుటి నుంచి అందరూ అది నొప్పి అనుకున్నారు. బాయిలో పనిచేసేవాళ్ల ఇంట్లో పుట్టి, ఆ మాట కోడులోకి తెచ్చి, తనూ అలాగే అనుకుంది. ఓదెలు పలవరించట్లేదు. దిమ్మె పట్టుకున్నాడు. కిందివాడికి చెబుతున్నాడు.

"కింద ఎవరున్నారు సార్?"

చంద్రమౌళి గుమ్మం వైపు చూశాడు.

"లెక్క తప్పు చెప్పట్లేదు. ఒక మనిషి ఉన్నాడు కింద. ఎవరు?"

"మనుషులెవరూ దిగరండి, మీకు తెలిసిందే కదా..."

సమ్మక్క టిఫిన్ క్యారియర్ తీసి అతని నోటి మీద కొట్టింది. గిన్నెలు ఊడి అన్నం నేల మీద పడింది. రెండో దెబ్బకి పెదవి చీలింది. మూడో దెబ్బకి ఆమెని ఎవరూ ఆపలేదు.

"కేబుల్ జాయింటు," అన్నాడు చంద్రమౌళి, నేల మీద కూర్చుని. "ఎలుగుతో చేయిస్తే పూట పడుతుంది. మనిషైతే పది నిమిషాలు. కాంట్రాక్టు మనిషి. ఛత్తీస్‌గఢ్ వాడు, సోమారు. పోయాడనుకున్నాను. ఒట్టు, పోయాడనే అనుకున్నాను."

"రెస్క్యూవాళ్లను?"

"మనిషి లేడని వెనక్కి పంపేశాను."

సారంగం లేచాడు. అందరూ పలుగు వైపు చూశారు. అతను చంద్రమౌళిని దాటి తలుపు వైపు వెళ్లాడు.

"పాత గ్యాలరీ సొరంగం నుంచి తొవ్వ ఉన్నది. మా అన్న, నేను తవ్వినం దాన్ని. రెస్క్యూ బండికి ఫోన్ కొట్టుండ్రి. మేం దిగుతున్నం." వెళ్తూ ఒకసారి ఆగాడు. "ఎంతసేపు పడుతదో చెప్పలేను. గాన్ని పట్టుకోమను."

అతని వెనకే అందరూ పోయారు. గది దాదాపు ఖాళీ అయింది. ఓదెలు గుండె గీత చూసి డాక్టర్ తల అడ్డంగా ఊపింది.

"వాళ్లు చేరేదాకా ఇతను ఉండడు సంపూర్ణగారూ. మధ్యలో పోతే, కింద అతనూ పోతాడు."

సంపూర్ణ జుట్టు ముడి విప్పి మెడ మీంచి పక్కకి తీసింది. బిళ్లలు మొదట పరీక్షించేటప్పుడు జట్టులో ముగ్గురు పెట్టించుకున్నారు. ఆమె దాన్ని తీయించుకోలేదు.

"ఇంకో కుర్చీ కావాలి," అంది.

ఉన్నది రాజలింగుది ఒక్కటే. వార్డుబాయ్, డాక్టర్ కలిసి అతన్ని ఎత్తి నేల మీద పడుకోబెట్టారు. కుర్చీ తుడవడానికి టైము లేదు.

సమ్మక్క ఆమె చేయి పట్టుకుంది. "వదినె, గీ చేతులతోనా? బిందె ఎత్తితేనే నడుం పట్టుకుంటవ్."

"బీరువా ఎత్తలేదా?"

"ఎత్తినవ్. కాలు ఇరగ్గొట్టుకున్నవ్."

"అది మీ ఆయన వల్ల."

సమ్మక్క నవ్వబోయి ఏడ్చింది. తర్వాత ఆమె చేతులకి తనే బెల్టులు బిగించింది.

చేతిమార్పు పని ఇప్పుడు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉందని అనుకోవాలి. దాన్ని పరీక్షించడానికి వేరే యంత్రం లేదు, వేరే మనిషీ లేడు. సంపూర్ణ లింకు కలపమని చెప్పింది.

గది పోయింది. ముందు చీకటి వచ్చింది, తర్వాత బరువు. వెన్ను మధ్యలో మొదలై భుజాల దాకా పాకింది. కుడి మోచేతి లోపల ఎముక వంగడం ఆమెకి తెలిసింది. నోట్లో రక్తం రుచి. అరవాలని నోరు తెరిచింది, కానీ ఊపిరి అందలేదు. ఆ బరువులో తనతో పాటు ఇంకొకరున్నారు. అతని వణుకు ఆమె ఎముకల్లో వినిపించింది.

ఎడమ అరచేతి కింద గుడ్డ, గుడ్డ కింద పక్కటెముకలు. అవి లేచి దిగుతున్నాయి.

పళ్లు బిగించింది. మాట రావడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"పట్టిన," అంది.

చీకట్లో వణుకు ఆగింది. "అక్కా?"

"పట్టిన్రా. ఇడువు."

"బండ జారుతది. కుడిదిక్కు ఒత్తు."

"ఒత్తిన. ఇడువు, ఓదెలూ."

ఒక క్షణం అతను వదల్లేదు. కుడి వైపు బరువు ఆమె మీదికి మారిందో లేదో చూసుకున్నాడు. తర్వాత తండ్రి నేర్పినట్టే, వినపడేలా అన్నాడు.

"ఇడిసిన."

పైన హాల్లో ఓదెలు చేతులు ఒళ్లోకి జారాయి. సమ్మక్క వాటిని పట్టుకుంది. రెండో కుర్చీలో సంపూర్ణ చేతులు బెల్టులతో సహా పైకి లేచాయి. అరచేయి పైకప్పు వైపు తిరిగింది. డాక్టర్ తెర చూసింది. ఓదెలు లెక్క సున్నా. సంపూర్ణది రెండు: కుర్చీ, అరచేయి. ఉండాల్సినంతే.

కింద కాలం తెలియలేదు. కుడి మోచేయి విరిగినప్పుడు ఆమె భుజాన్ని బండకి ఆనించింది. పక్కటెముక విరిగినప్పుడు ఊపిరి సగమే తీసుకుంది. స్పృహ తప్పబోయిన ప్రతిసారీ ఆ ఒక్క మాటా గట్టిగా అంది. ఒకసారి కింది నుంచి దగ్గు వినిపించింది. చాలాసేపటికి పలుగు చప్పుడు, సారంగం తిట్లు, ఎవరో కాళ్లు పట్టి లాగమనడం. అరచేతి కింద గుడ్డ జరిగింది. పక్కటెముకలు జరిగాయి. తర్వాత అరచేతి కింద ఏమీ లేదు.

అయినా ఆమె వదల్లేదు. చెప్పాలి కదా.

కాస్త దూరం నుంచి ఒక గొంతు వచ్చింది. దుమ్ముతో పూడుకుపోయిన గొంతు, తెలుగు యాస లేనిది. బాయిలో అందరికంటే ముందు నేర్చుకున్న మాటేమో, దాన్ని మాత్రం సరిగ్గా పలికాడు.

"ఇడువు, భాయ్."

"ఇడిసిన," అంది సంపూర్ణ. పైన తెర మీద ఆమె లెక్క సున్నా అయింది.

బండ పడింది.